యాక్సిల్ కింద ప్లేటు

"అన్నా, బురదల పోవాలంటే యాక్సిల్ కింద ప్లేట్ ఏయించాల్నా?" అన్నాడు లోకేష్, టీ కప్పు బల్ల మీద పెడుతూ.

హర్షవర్ధన్ పకోడీ తుంచుతూ అతని వంక చూశాడు. లీసెస్టర్‌లో వాళ్ల జీపుల క్లబ్బు మొత్తానికి ఇంజినీరు అతనొక్కడే. ఎవరి బండికి ఏం చేయించాలన్నా అతన్నే అడుగుతారు. చప్పట్లు మాత్రం లోకేష్‌కి కొడతారు. మందుల షాపులో పనిచేసుకునేవాడు, మొన్న మొన్న చేరినవాడు, పోటీల్లో కప్పు మీద కప్పు గెలుచుకుపోతుంటే హర్షకు కడుపు మండదా మరి?

"లోకేష్, ఇంకో రెండు పకోడీలు వెయ్యనా?" అంటూ వంటగదిలోంచి వచ్చింది హర్ష భార్య లాస్య. "పోయినసారి పోటీలో ఆ గుంటలోంచి బండిని ఎంత బాగా తెచ్చావయ్యా."

పుండు మీద కారం చల్లినట్టయింది హర్షకి. ఈ మధ్య వీళ్లిద్దరికీ ఫోన్లో గుసగుసలు కూడా. అతను గదిలోకి అడుగుపెడితే చాలు, ఆవిడ ఫోను పెట్టేస్తుంది.

"చెప్పన్నా. నాకు తోలుడు తప్ప లోపలి సంగతి తెల్వది."

హర్షకు తెలుసు. రాళ్ల దారిలో ఆ ప్లేటు యాక్సిల్‌ని కాపాడుతుంది. బురదలో నాగలిలా దిగబడి బండిని కదలనివ్వదు. ఆదివారం వేల్స్‌లో పోటీ అంతా బురదే. గెలిచినవాడే క్లబ్బు తరఫున స్కాట్లాండ్‌లో పెద్ద పోటీకి వెళతాడు. ఎన్నాళ్లుగానో హర్ష కల అది.

"వేయించు. ఎంత మందంగా ఉంటే అంత మంచిది."

"పక్కానా?"

"కళ్లు మూసుకుని వేయించు."

లోకేష్, లాస్య ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నవ్వుకోండి, ఆదివారం చూద్దాం అనుకున్నాడు హర్ష.

మర్నాడు హర్ష జీపును, ఏటా బండికి చేయించాల్సిన ఎమ్‌ఓటీ పరీక్షకని లాస్యే గ్యారేజీకి తీసుకెళ్లింది. "ఆదివారం మీ పుట్టినరోజు కూడా కదండీ, ఈ వారం ఆ పనులు నాకొదిలేయండి" అంది. బండిని నేరుగా మైదానానికే పంపిస్తారట. హర్ష సరేనన్నాడు. అతని ధ్యాసంతా బురదలో కూరుకుపోబోయే లోకేష్ మీదే ఉంది.

ఆదివారం వాన. ముందు లోకేష్ దిగాడు. హర్ష నవ్వు దాచుకుని చూస్తుండగానే ఆ బండి ఓసారి ఊగి, గుంట దాటి ఒడ్డెక్కేసింది. లాస్య చప్పట్లు కొట్టింది. అంత మందం ప్లేటుతో ఎలా దాటాడో హర్షకు అంతుపట్టలేదు. పళ్లు కొరుక్కుంటూ తన జీపెక్కాడు.

గుంట మధ్యలో బండి ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి కదలదు. కింద ఏదో బురదను పట్టుకుని వదలనంటోంది.

లోకేష్ తాడు తీసుకుని మోకాళ్ల లోతు బురదలో వచ్చాడు. ఒడ్డున లాస్య ముఖం పాలిపోయి ఉంది.

"నీ బండి కింద ప్లేటేమైంది?" అన్నాడు హర్ష, ఆపుకోలేక.

లోకేష్ తల దించుకున్నాడు.

"అది వదిన నీకిచ్చిన పుట్టినరోజు కానుకన్నా."