వెంటపడిన దూడ

"ఆపు బాబాయ్, ఆ దూడ మన జీపు వెనకే వస్తోంది," అంది ఆరేళ్ళ వైరిము.

వైల్డబీస్ట్ అనే అడవి పశువుల మంద ఎప్పుడో ఏరు దాటిపోయింది. ఆ ఒక్క దూడే మిగిలింది.

"దానికి తల్లి తప్పిపోయింది బంగారం. ఇక కదిలేదేది కనబడినా అమ్మే అనుకుని వెంటపడుతుంది," అన్నాడు డ్రైవర్ లెటూరా, జీపు ఆపి.

"అయితే మనతో తీసుకెళ్దాం."

"నువ్వు పోనివ్వవయ్యా, ఈ పిల్లకి ఇలాంటి కోరికలు సవాలక్ష," అని విసుక్కుంది ముంబి, పిల్లకి సవతి తల్లి. పెళ్ళై ఏడాదైనా పిల్ల ఆమెని 'ఆంటీ' అనే పిలుస్తుంది. జీపు వెనక, గోనె కింద, పిల్ల బట్టల రేకుపెట్టె దాచి ఉంది. సింహాన్ని చూపించి, తిరుగుదారిలో పిల్లని హాస్టల్లో దించేయాలి. పిల్లకి చెప్పలేదు. ముందు సీట్లో తండ్రి కెమెరా తుడుచుకుంటున్నాడు.

జీపు కదిలింది. దూడ కాసేపు పరిగెత్తి, అందుకోలేక ఆగిపోయింది. పక్కనే గడ్డిలోంచి దుమ్ములగొండి ఒకటి లేచింది. దూడ పారిపోలేదు. తోక ఊపుకుంటూ దాని దగ్గరికే పోయి, పొట్ట కింద మూతి పెట్టింది.

"దానికి అమ్మ దొరికింది," అని చప్పట్లు కొట్టింది వైరిము.

లెటూరా వేగం పెంచాడు.

పిల్ల ముంబి ఒళ్ళోకి ఎక్కి, ఆమె పొట్టకి మొహం ఆనించింది.

"అమ్మా, నాకూ ఆకలేస్తోంది."