సగం నిప్పు

"మూడో మెట్టు కిర్రుమంటుంది. పిల్లాడు నిద్రపోయేటప్పుడు దాని మీద కాలెయ్యకు," అంది క్వాతీ.

ఆ ఉదయమే సామానుతో దిగిన తెల్లమ్మాయి డార్కస్, చంకలో బిడ్డతో తలూపింది. వచ్చినప్పటి నుంచీ ముసలమ్మ ఆమెను ఇల్లంతా తిప్పుతూనే ఉంది.

"ఆ పీచ్ చెట్టు అన్నిటికన్నా ముందు కాస్తుంది. దాని కింద మట్టిలో మా ఆయన్ని పడుకోబెట్టాం. అక్కడ బట్టలారేయకు, ఆయనకు గిట్టదు."

"ఇంకా కోపమేనా పెద్దమ్మా?"

"కుంటివాడికి కోపం తప్ప ఇంకేం మిగుల్తుందే? అమెరికా సైన్యం పక్కన నిలబడి పోరాడి కాలు పోగొట్టుకున్నాడు. కాలు తీసుకుని అదిగో, ఆ పతకం ఇచ్చారు."

డార్కస్ గోడమీది వెండి బిళ్ళ వైపు చూసింది. "మా మామగారు కూడా యుద్ధం చేసినవారే. ఇంగ్లండు రాజు మీద. ఆ లెక్కనే ఆయనకు..." అని ఆగి, పిల్లాడి ముక్కు తుడిచింది.

క్వాతీ పొయ్యి ముందు కూర్చుంది. మా అమ్మమ్మ నాటి నిప్పు ఇది, ఒక్కరోజూ ఆరలేదు, అంటూ కణికలను రెండు పాళ్ళు చేసి, ఒక పాలు కుండలోకి తీసుకుంది.

"సగం నాకు. సగం ఇంటికి. అమ్మాయ్, నాకో మాటివ్వాలి."

"చెప్పండి."

"నా కూతురు ఆయోకా నిండు చూలాలు. పోయినవారం ముందు బండ్లలో పడమటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్తున్నాను. నేను తిరిగి రాకపోవచ్చు. అది వస్తుంది. ఎడమ చెంప మీద మచ్చ ఉంటుంది. ఎవరు నువ్వని అడిగి వాకిట్లో నిలబెట్టకు. ఇల్లు దాని చేతిలో పెట్టెయ్."

డార్కస్ బిడ్డను చంక మార్చుకుంది. "మా ఆయన్ని ఒకమాట అడిగి..."

"మగాణ్ణి అడిగేదేమిటే!" క్వాతీ నవ్వింది. "మా చెరోకీల్లో ఇల్లెప్పుడూ ఆడదానిదే. మగాళ్ళు చుట్టాలు, తిని పడుకుంటారు. ఇంట్లో ఉండే ఆడదానివి నువ్వు. నీ మాట చాలు నాకు."

"మా దగ్గర అలా కాదు పెద్దమ్మా..."

"ఇవ్వవే తల్లీ."

ముసలమ్మ చెయ్యి చాపింది. డార్కస్ ఆ చేతిని పట్టుకుంది. "ఇస్తాను," అంది, తనకే వినపడనంత మెల్లగా.

క్వాతీ ముఖం తేటపడింది. కంచె దగ్గర కాపున్న నీలికోటు సైనికుడు తుపాకీ మడమతో గుంజను కొట్టాడు.

"ముసలమ్మా! పడమటి బండ్లు కదులుతున్నాయి!"

ఆమె నిప్పుకుండ పట్టుకుని, అలవాటుగా మూడో మెట్టు దాటేసి దిగింది. పీచ్ చెట్టు దగ్గర ఒక్కక్షణం నిలబడింది. కంచె దాటాక వెనక్కి తిరిగి, "సాయంత్రం కణికల మీద బూడిద కప్పడం మరిచిపోకు!" అని కేకేసింది.

డార్కస్ గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపింది.

చెరోకీల నేలను తెల్లవాళ్ళకు పంచిన ప్రభుత్వ లాటరీలో, యుద్ధం చేసినవాడి లెక్కన, ఆ ఇల్లు డార్కస్ మామగారికి తగిలింది.