డెల్మర్ తవ్విన పార్కు

డెల్మర్ దాచిన నగల మీద ఎవరో పార్కు కట్టేశారు.

క్లీవ్‌లాండ్‌లోని ఆ పాత రైల్వే యార్డును అతను చివరిసారి చూసినప్పుడు అక్కడ తుప్పు, ముళ్ళపొదలు, ఎలుకలు తప్ప ఇంకేమీ లేవు. నగల దుకాణం దోచిన సాయంత్రం, పోలీసులు వెంటపడుతుంటే, నీళ్ళ ట్యాంకు కాలి పక్కన మోకాలి లోతు గుంట తీసి సంచిని కప్పెట్టాడు. జతగాడు లైల్‌కి యార్డని మాత్రమే తెలుసు, చోటు తెలియదు. ఆ లైలే కోర్టులో అప్రూవర్‌గా మారి, నేరమంతా డెల్మర్ నెత్తిన రుద్ది, సగం శిక్షకే బయటపడ్డాడు.

జైలు నుంచి వచ్చిన డెల్మర్‌కి ఇప్పుడున్నవి ఇల్లులేనివాళ్ళ షెల్టర్‌లో ఒక మంచం, అరిగిపోయిన మోకాళ్ళు, ఆ సంచి మీద ఆశ. అది దొరికితే ఫ్లోరిడా వెళ్ళి ఎండ కాచుకుంటూ బతకొచ్చు. దొరక్కపోతే ఆ మంచం మీదే పోవాలి.

పార్కువాళ్ళు తుప్పు పట్టిన పట్టాలను అలాగే ఉంచి, మధ్యలో పూలు నాటి, చరిత్ర అంటూ బోర్డు పెట్టారు. ఒకప్పుడు డెల్మర్ పోలీసులకి దొరక్కుండా బోర్లా పాకిన చోట జనం చాపలు పరుచుకుని, అలా పాకడాన్నే యోగా అంటున్నారు. కుక్కలకి కూడా స్వెట్టర్లున్నాయి, డెల్మర్‌కి లేదు. నీళ్ళ ట్యాంకు మాత్రం నీలిరంగు పూసుకుని పాతచోటే నిలబడి ఉంది. దాన్ని చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

అయితే పగలంతా జనం, పొద్దుగూకితే కాపలా. ఇంతమంది మధ్య పారతో తవ్వితే ఊరుకుంటారా? ఊరుకోవడమే కాదు, డోనట్లు కూడా పెడతారని శనివారం తెలిసింది. ఆకుపచ్చ కోట్లు తొడుక్కున్న వాలంటీర్లు ఎక్కడపడితే అక్కడ తవ్వుతున్నారు, వచ్చేపోయేవాళ్ళు వాళ్ళకి థాంక్స్ చెబుతున్నారు. తవ్వుకుపోవడానికి ఇంత మర్యాద ఉందని తెలిస్తే డెల్మర్ ఆనాడు ముసుగు కొనేవాడే కాదు.

వాళ్ళ పెద్ద ఇర్మా కొవాక్స్. డెబ్బై దాటిన మనిషి, గడ్డిటోపీ, మట్టిచేతులు. అతన్ని ఎగాదిగా చూసి, మొక్కలంటే ఇష్టమా అని అడిగింది. ప్రాణమన్నాడు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క మొక్కకీ నీళ్ళు పోయని డెల్మర్. ట్యాంకు పక్కన తవ్వుతానన్నాడు. అది అనుభవం ఉన్నవాళ్ళు చేయాల్సిన పనని, ముందు ఆపిల్ మొక్కలకి గుంటలు తీయమని పార చేతికిచ్చింది.

సరే, అనుభవమే కదా. వసంతంలో ఆపిల్ మొక్కలు నాటాడు. వేసవిలో కంచె పొడవునా గులాబీలు పెట్టాడు. ట్యాంకు మాటెత్తినప్పుడల్లా ఆవిడ ఇంకో మడి చూపించేది. అతను మనసులో పళ్ళు నూరుతూ, పైకి నవ్వుతూ తవ్వేవాడు. అయినా నేల మెత్తగా ఉండటం తన అదృష్టమనుకున్నాడు. తోటివాళ్ళు అతని మోకాళ్ళకి మందు తెచ్చిచ్చారు. ఈ ఏటి మేటి వాలంటీర్ అని రాసున్న టీషర్టు తొడిగి, ఫోటో తీసి, చప్పట్లు కొట్టారు. డెల్మర్ జీవితంలో పోలీసులు కానివాళ్ళు అతన్ని ఫోటో తీయడం అదే మొదలు.

అక్టోబర్ చివర్లో, తులిప్ దుంపలు నాటే రోజున, ట్యాంకు పక్కన మడి ఇంక నీదేనంది ఇర్మా.

డెల్మర్ తవ్వాడు. మోకాలి లోతు దాటింది, నడుము లోతుకొచ్చింది. సంచి లేదు. చెమట కళ్ళలో పడుతున్నా ఆపలేదు.

"ఇక చాలు," అంది ఇర్మా, బకెట్ బోర్లించి కూర్చుంటూ. "నిన్ను తవ్వమంది తులిప్‌లకి, బావికి కాదు."

"ఇంకొంచెం, మేడమ్."

"నగలు అక్కడ లేవు, డెల్మర్. నీ కేసులో జ్యూరీలో కూర్చున్నాను, నీ ముఖం మర్చిపోతానా? ఇక్కడి మట్టంతా విషమని, పార్కు కట్టేముందు నిలువులోతు ఎత్తేసి కొత్త మట్టి పోశారు. నీ సంచి అప్పుడే బయటపడింది. దుకాణంవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు."

డెల్మర్ గుంటలోనే కూలబడ్డాడు. ఫ్లోరిడా పోయింది, ఎండ పోయింది, మిగిలింది షెల్టర్ మంచమే. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"వసంతం నుంచి గాడిదలా తవ్వుతున్నాను," అన్నాడు. "మొదటి రోజే చెప్పొచ్చు కదా మేడమ్?"

ఇర్మా పక్క మడిలో ఆఖరి దుంప నాటి, మట్టి కప్పి, చేతులు దులుపుకుంది.

"లైల్‌కి మొదటి రోజే చెప్పాను. మళ్ళీ శనివారం పనిలోకి రాలేదు."