పొగ కనబడని రోజు

“ఈ రిపోర్టు మీద సంతకం పెట్టు బావా. నువ్వు సరేనంటేనే ఈ గ్యాసు ఉంటుంది,” అన్నాడు బావమరిది.

ఎయిర్‌పోర్టు ఫైర్ ట్రైనింగ్ మైదానంలో డమ్మీ విమానం గ్యాసుతో మండుతోంది. పొగ లేదు. ఇరవై రెండేళ్లుగా కిరసనాయిలు పోసి, నల్లటి పొగలో నిలబడి, విమానం మంటలు ఆర్పడం నేర్పింది నేను. నిన్నగాక మొన్న వచ్చిన వీడు మీట నొక్కితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కడుపు మండిపోయింది.

“పొగ లేకపోతే కొత్తవాళ్లకు భయమేం తెలుస్తుంది? పనికిరాదని రాస్తా.”

“రాయి బావా. చదువు నాది, అనుభవం నీది.”

అదీ ఎత్తిపొడుపులాగే వినబడింది.

ఇంతలో కంచె దగ్గర నా భార్య కనిపించింది, చేతిలో క్యారేజీతో. మా క్వార్టర్సు గోడ అవతలే. కానీ ఉబ్బసం మనిషి, ఇన్నేళ్లలో డ్రిల్లు రోజున కిటికీ కూడా తెరవలేదు.

“పొగ కనబడలేదు, పని లేదేమోనని వచ్చానండీ. ఇదేనా మీరు చేసే పని?”

“మీ తమ్ముడి ఘనకార్యం. వాణ్ణే చూడు.”

తను వాడివైపు చూడలేదు.

“వాడి సంగతి తర్వాత. మీరెలా ఆర్పుతారో చూపించండి.”

రిపోర్టులో సరేనని రాసి, సంతకం గీకి, కలం బావమరిది జేబులో గుచ్చి, నీళ్ల పైపు అందుకున్నాను.