అభ్యంతరం లేదు

టోంకా తీసేయాలనుకున్న కోడ్ గురించి మొదటి జవాబు ఒక దీవి నుంచి వచ్చింది.

ఆ ఉదయం స్ప్లిట్ పట్నపు రేవు మీద పొగమంచు. ఆఫీసు కిటికీలోంచి ఓడలు కనిపించడం లేదు. కూతలే వినిపిస్తున్నాయి.

కంప్యూటర్లు రేడియో మీద మాట్లాడుకోవడానికి, వాటి మూల సాఫ్ట్‌వేరైన కెర్నెల్‌లో ఎప్పుడో రాసిన కోడ్ అది. దొంగలు దూరే కంత ఒకటి అందులో బయటపడింది. వాడేవాళ్లు ఎవరూ లేరని అందరి అంచనా.

తీసేసే ముందు కెర్నెల్‌తో పనున్న అందరికీ మెయిల్ పెట్టడం పద్ధతి. ఏ మూల నుంచైనా ఒక్కరు ‘నేను వాడుతున్నాను’ అంటే చాలు, కోడ్ ఉండిపోతుంది.

ఉండిపోతే టోంకా ఉద్యోగం పోతుంది. ప్రొబేషన్‌లో ఆమెకిచ్చిన పని అదొక్కటే.

జవాబిచ్చినాయన పేరు ఫ్రానె. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె కోతతో పక్కనున్న మరో కోడ్ కూడా తెగుతుందని చూపించాడు. ఆమె సరిచేసి పంపింది. ఆయన మళ్లీ తప్పు పట్టాడు.

“నీకు అత్తగారు దొరికారు,” అన్నాడు పక్క సీటు డుయె.

“అత్తగారైతే వంక పెట్టాకైనా తింటుంది. ఈయన ముట్టడం లేదు.”

చివరికి ఆమె సూటిగానే రాసింది: “ఫ్రానెగారూ, దీన్ని వాడేవాళ్లు మీకెవరైనా తెలుసా?”

మర్నాడు జవాబొచ్చింది.

“ఒకరిద్దరి కోసం అందరి తలుపులూ తీసిపెట్టకూడదమ్మాయ్. నాకు అభ్యంతరం లేదు.”

కింద, ప్రతి వరుసా చదివి చూసినవాడిగా తన పేరు పెట్టాడు. ఆ సంతకం చాలని కెర్నెల్ బాధ్యులు ఒప్పుకున్నారు. కోడ్ పోయింది. ఉద్యోగం నిలిచింది.

ఆకులు రాలే రోజుల్లో టోంకా కృతజ్ఞతగా ఒక రకియా సారా సీసా పట్టుకుని ఆ దీవికి వెళ్లింది.

ఫ్రానె ఇంటి తలుపు తీసే ఉంది. మనిషి లేడు. పక్కింటి మారె గోడ మీద వల ఆరేస్తోంది.

“ఎదుటి దీపస్తంభానికి వెళ్లాడమ్మా. అక్కడ తమ్ముడుంటాడు. పుట్టుచెవుడు. ఆ రాళ్ల మీద ఫోను అందదు.”

మంచులో ఒక తెడ్ల పడవ కనిపించీ కనిపించకుండా సాగుతోంది. నీరేదో ఆకాశమేదో తెలియడం లేదు.

“రోజూ వెళ్తారా?”

“ఈ మధ్యనే మొదలుపెట్టాడు,” అంది మారె. “ఇన్నేళ్లూ అన్నదమ్ములు కంప్యూటర్లలో రేడియో మీద రాసుకునేవాళ్లు, అందులో ఏదో తీసేస్తామని ఎవరో అడిగితే, తనే సరేనన్నాడట.”