అక్కుపల్లి ఏడుపు

రొయ్యల వేపుడు తిన్న వేళ్ళు నాక్కుంటూ ప్రేమ్‌కుమార్ ఆ సంగతి చెబుతుంటే రూప తన పొట్లం మడిచి పక్కన పెట్టేసింది.

కారు టెక్కలి దాటి పలాస వైపు పోతోంది. సాయంత్రం అక్కడ షో. ‘ఉప్పుగాలి’ బ్యాండుకు ప్రేమ్‌కుమార్ లీడ్ సింగర్, రూప కీబోర్డు. సోల్ రాక్ అని పోస్టర్ల మీద పెద్దక్షరాలతో వేస్తారు. ఆ సోల్ ఎక్కడిదో ఆమెకు ఇవాళే తెలిసింది.

అతని గొంతుకు వంక పెట్టడానికి లేదు. జాతరల్లో ఆర్కెస్ట్రా పాటలు పాడాడు. విశాఖలో బార్‌లో తాగేవాళ్ళ మధ్య పాడాడు. తర్వాత బ్యాండు పెట్టాడు, జుట్టు పెంచాడు, సొంత పాటలు కట్టాడు. పేరు మాత్రం జిల్లా దాటలేదు. ఈమధ్య ‘అక్కుపల్లి’ అనే పాట వినిపించగానే హైదరాబాదు మ్యూజిక్ కంపెనీవాళ్ళు ఎగిరి గంతేశారు. ఈ సాయంత్రమే దాని విడుదల.

పాట మొదట్లో ఒక తల్లి ఏడుపు ఉంటుంది. చేపల వేటకెళ్ళి తిరిగిరాని కొడుకును తలుచుకుని, వాడు పుట్టిన దగ్గర్నుంచి ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ శోకాలు పెడుతుంది. దాని మీద గిటారు, గిటారు మీద ప్రేమ్‌కుమార్ గొంతు. ఒకచోట అతను కళ్ళు తుడుచుకుంటాడు. రిహార్సల్లో ఆ తుడుచుకోవడం కూడా ప్రాక్టీసు చేశాడు. ఎడమచెయ్యి బాగుందా, కుడిచెయ్యి బాగుందా అని అందరినీ అడిగాడు.

ఆ ఏడుపు ఎవరో స్టూడియోలో ఏడ్చిందని రూప అనుకుంది ఇన్నాళ్ళూ.

“స్టూడియో ఏటి? ఒరిజినల్,” అన్నాడతను. “పడవ మునిగిపోయిందని అప్పుడే కబురొచ్చింది. ఆ ఇంటి ఎనక గోడకాడ నిలబడి, ఫోన్లో మొత్తం పట్టీసినాను.”

“లోపలికెళ్ళి ఓదార్చాలనిపించలేదా నీకు?”

“ఎల్తే ఏడుపు ఆగిపోద్ది కదా.”

డ్రైవరు అప్పలస్వామి అద్దంలోంచి వెనక్కి ఒక చూపు చూశాడు.

“అలాటి టేకు మళ్ళీ దొరకదు రూపా,” అని ప్రేమ్‌కుమార్ ఇంకో రొయ్య నోట్లో వేసుకున్నాడు.

రూప కిటికీ వైపు జరిగింది. అతను తాగి పెట్టిన నీళ్ళ సీసా పక్కన కూర్చోవడానికి కూడా చీదరేసింది. పీనుగు దగ్గర జేబులు వెతికేవాడికీ వీడికీ ఏం తేడా?

“ఆవిడకు తెలుసా, తన ఏడుపుతో మనం పాట కట్టామని?”

“పల్లెలో ముసల్దానికి ఇయన్నీ ఎందుకు?”

“అప్పలస్వామి గారూ, అక్కుపల్లి పోనివ్వండి,” అంది రూప. “ఆవిడ వద్దంటే ఆ పాట నేను వాయించను. కంపెనీవాళ్ళకు కూడా నేనే చెప్పేస్తాను, ఇది దొంగసొత్తని.”

ప్రేమ్‌కుమార్ మొహం పాలిపోయింది. షోకు టైమవుతోందన్నాడు. ఈ ఒక్క పాటతో తన బతుకు మారిపోతుందన్నాడు, బతిమాలాడు, చివరికి తిట్టాడు. కారు మాత్రం సముద్రం వైపే తిరిగింది.

ఊళ్ళోకి వచ్చాక అతను దిగనంటే దిగనన్నాడు. నల్లద్దం పైకెత్తుకుని కూర్చున్నాడు. కనీసం సిగ్గయినా ఉంది వెధవకు, అనుకుంది రూప.

వల బాగుచేసుకుంటున్న పోతురాజు అనే పెద్దమనిషికి రూప దిగి, ఫోన్లో ఆ ఏడుపు వినిపించింది. అతను చెవి ఒగ్గి విన్నాడు.

“మా బుచ్చమ్మొదిన గొంతిది. ఆ కొబ్బరిసెట్ల పక్కనే ఇల్లు.”

రూప ఎక్కగానే అప్పలస్వామి కారు తెచ్చి సరిగ్గా ఆ గుమ్మం ముందే ఆపాడు. రూప తలుపు బార్లా తీసి దిగింది. బుచ్చమ్మ బయటే ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె చూపు మాటిమాటికీ కారు మీదికే పోతోంది. రూప ఆమె పక్కన ఇసకలో కూలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

“పెద్దమ్మా, పడవ మునిగిన రోజు నువ్వు ఏడుస్తుంటే ఒకడు దొంగచాటుగా ఫోన్లో పట్టాడు. దాన్ని మేం పాటలో పెట్టాం.”

వినిపించింది. బుచ్చమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. రెండు మాటలు వినేసరికి ఆమె కళ్ళు నిండాయి. రూపకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ ఏడుపుకు రిహార్సల్లో ఇన్నాళ్ళూ తాళం వేసింది తనే కదా.

“నా గొంతే,” అంది బుచ్చమ్మ. “ఇంట్లో ఇంకెవలూ నేరు. ఎవలు పట్టినారమ్మా?”

రూప ఫోన్లో పాట ఆపేసింది.

“పోయిన కొడుకు కోసం ఏడ్చిన ఏడుపు పెద్దమ్మా అది. దాంతో డబ్బు చేసుకునే హక్కు మాకు లేదు. ఒక్కమాట చెప్పు, ఇప్పుడే చెరిపేస్తాను. ఈ సాయంత్రం పాటా ఉండదు, ఏమీ ఉండదు.”

బుచ్చమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చిత్రంగా ఆమె మొహం విప్పారింది.

“ఆ పొద్దు ఏటకెల్తానన్న మా గుంటడు ఆ పడవే ఎక్కనేదమ్మా, నా ఏడుపయిపోయినాక ఎనక గుమ్మంలోంచి నవ్వుకుంటా వచ్చీసినాడు, అదిగో, మీ కారులో కూకున్నాడు కదా.”