పలకకపోతే

రాయచెర్లు ఊరి చివరి ఇంట్లో ఓబక్క సంగటి తిని, తలుపుకు గడియ పెట్టింది. ఇంతలో ఫోన్ మోగింది. పావగడలో ఉన్న తమ్ముడి కూతురు వినుత.

"అత్తా, ఒక్కదానివే ఉండావు. గడియ పెట్టినావా? ఎవరు పిలిచినా తీయొద్దు."

"పెట్టినాను లేమ్మా."

ఫోన్ ఆగాక ఇల్లు మళ్లీ మూగబోయింది.

ఒకప్పుడు ఈ వేళకి ఓబక్క చేలో ఉండేది. శనక్కాయ పంట మీద అడవిపందులు పడకుండా ఆమె ఒక గుడిసెలో, పక్క చేని హనుమక్క ఇంకో గుడిసెలో కాపలా. పడుకునే ముందు ఒకరినొకరు పిలుచుకునేవాళ్లు. పలికితే సరే. పలకకపోతే పిలిచిన మనిషి లాంతరు పట్టుకొని వచ్చి చూడాలి. అది ఇద్దరూ అనుకున్న మాట.

ఇప్పుడా చేల నిండా సోలార్ ప్యానెళ్లే. హనుమక్క చనిపోయి చాలా కాలమైంది.

కంచె అవతల, ఆ ప్యానెళ్ల మధ్య నుంచి పిలుపు వినిపించింది.

"ఓబక్కా, ఉండావా?"

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. నోట్లో కొంగు కుక్కుకుంది. మళ్లీ పిలుపు. ఆమె పలకలేదు. పిలుపు ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, పలకకపోతే ఏం జరుగుతుందో.

ఎండుగడ్డి మీద చెప్పుల చప్పుడు దగ్గరైంది. తలుపు సందులోంచి లాంతరు వెలుగు సన్నగా లోపలికి పడింది. ఓబక్క దాన్నే చూసింది. తను ఉందో లేదో చూసిపోదామని ఒక మనిషి ఈ గుమ్మం దాకా వచ్చి ఎన్నేళ్లయిందో!

లేచి గడియ తీసింది.